చెన్నైలో పాతిక మందితో సింఫనీ సీజన్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసింది ఒకసారి నా మాటల్లో చెప్తాను, కింద చదివేవాళ్లకి కూడా తెలుస్తుంది. అడయార్, తిరువాన్మియూర్ వైపు పాతిక మంది ఉన్నారు, ఎక్కువమంది ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ ఉద్యోగులు, కొందరు ట్రినిటీ కాలేజ్ లండన్ సంగీతం గ్రేడ్ పరీక్షలు రాస్తున్న కాలేజీ పిల్లలు. వయొలిన్లు 14, వయోలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్దవి, శ్రుతి కింద ఉండేవి) 2, చెల్లోలు 3, ఫ్లూట్లు 3, క్లారినెట్లు 2, ట్రంపెట్ 1. వచ్చే ఏడాది నాలుగు కాన్సర్ట్‌లతో ఒక సీజన్ పెడదామని, మొదటిదే బీతోవెన్ ఐదో సింఫనీతో ఓపెన్ చేద్దామని అనుకుంటున్నారు. స్కూళ్లకి వెళ్లి వాయించడం గురించి మీలో మీకే పడట్లేదు, సగం మంది "ముందు మన కాన్సర్ట్ సరిగ్గా రానివ్వండి, ఆ సేవ సంగతి తర్వాత చూద్దాం" అంటున్నారు.

నేను ఈ ఊళ్లో సినిమా సెషన్లలో వయోలా వాయిస్తూ, ఆ తర్వాత ఒక అమెచ్యూర్ ఆర్కెస్ట్రాకి లైబ్రరీ (వాయించే సంగీతం కాగితాలు), షెడ్యూలు రెండూ చూసుకుంటూ చాలా ఏళ్లు గడిపాను, ఆ అనుభవంతో చెప్తున్నాను. స్కూళ్ల పనిని తర్వాతకి తోయకండి, అదే ముందు పెట్టండి. ఐదో సింఫనీని మాత్రం కొన్నేళ్లు పక్కన పెట్టండి. ఈ రెండూ ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను.

ఐదో సింఫనీ మొదటి మూవ్‌మెంట్ (భాగం) అందరికీ వచ్చినట్టే ఉంటుంది, కానీ చివరి మూవ్‌మెంట్‌కి వచ్చేసరికి బీతోవెన్ పికలో, కాంట్రా బసూన్, మూడు ట్రాంబోన్లు అదనంగా అడుగుతాడు, అంతకుముందు నుంచే ఓబోలు రెండు, బసూన్లు రెండు, హార్న్‌లు రెండు, టింపనీ కావాలి. మీ లిస్టులో వీటిలో ఒక్కటీ లేదు, డబుల్ బాస్ కూడా లేదు. ఇవన్నీ బయటి నుంచి తెచ్చుకుంటే ఆ ఒక్క సాయంత్రానికే ఏడాది డబ్బంతా అయిపోతుంది, అద్దెకొచ్చినవాళ్లు ఒక రిహార్సల్ వాయించి రైలెక్కుతారు, మీ పాతిక మంది మళ్లీ అదే పాతిక మందిగా మిగిలిపోతారు. ఏ ముక్క వాయించాలన్నది మన కోరికని బట్టి కాదండి, వయోలాలో ఎంతమంది కూర్చున్నారు, బాస్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి.

వేరే చోట్ల సీజన్ ఎలా నడుస్తుందో అడిగారు. అమెరికాలో చిన్న ఊళ్ల ఆర్కెస్ట్రాలైతే సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలుపెట్టి మే దాకా నడుపుతాయి, అందులో కొన్ని క్లాసికల్ ప్రోగ్రాములు, డిసెంబర్‌లో ఒక పండగ కాన్సర్ట్, ఒక ఫ్యామిలీ కాన్సర్ట్, ఒకటో రెండో సినిమా పాటల్లాంటి పాప్స్ కాన్సర్ట్‌లు ఉంటాయి. ప్లేయర్లకి నెల జీతం ఉండదు, ఒక రిహార్సల్ గానీ ఒక కాన్సర్ట్ గానీ ఒక "సర్వీస్" కింద లెక్క, దానికింత అని ఇస్తారు, మన సినిమావాళ్ల కాల్‌షీట్ పద్ధతే అనుకోండి. పగలు స్కూల్లో పాఠాలు చెప్పి సాయంత్రం కారేసుకుని పక్క ఊరి ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లు బోలెడంతమంది. నాలుగైదు రిహార్సల్స్, అదీ ఒకే వారంలో, వెంటనే కాన్సర్ట్. టికెట్ల మీద వచ్చేది ఖర్చులో సగం కూడా ఉండదు, మిగతాదంతా విరాళాలు, గ్రాంట్లు. మన దేశంలో అయితే ముంబైలో 2006లో పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది, ఏడాదికి రెండు సీజన్లు చేస్తారు, ప్రతిసారీ విదేశీ ప్లేయర్లు చాలామంది వచ్చి కలుస్తారు, కానీ వాళ్లకి ఎన్‌సీపీఏ (అక్కడి జాతీయ ప్రదర్శన కళల కేంద్రం) లాంటి పెద్ద సంస్థ అండ ఉంది. ఆ మోడల్ మనకి పనికిరాదు.

అమెరికా చిన్న ఆర్కెస్ట్రాల నుంచి మనం తీసుకోవాల్సింది వాళ్ల కాన్సర్ట్ లిస్టు కాదు, కాన్సర్ట్ లేని రోజుల్లో వాళ్లు చేసే పని. స్కూల్ బస్సుల్లో పిల్లల్ని హాల్‌కి రప్పిస్తారు, నలుగురైదుగురు ప్లేయర్లు గ్రూపులుగా స్కూళ్లకి వెళ్తారు, వృద్ధాశ్రమాల్లో, లైబ్రరీల్లో నలుగురు కలిసి క్వార్టెట్ వాయిస్తారు, ఊళ్లో నేర్చుకునే పిల్లల్ని తమ పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని ఒక కాన్సర్ట్ చేస్తారు. కార్నెగీ హాల్ వాళ్లు "లింక్ అప్" అని ఒక ప్రోగ్రాం నడుపుతారు, పిల్లలు ఏడాదంతా క్లాసులో రికార్డర్ అనే చిన్న పిల్లనగ్రోవి, పాట నేర్చుకుని చివర్లో ఆర్కెస్ట్రా వాయిస్తుంటే తామూ సీట్లలోంచే కలిసి వాయిస్తారు. మన ఊళ్లో కూడా రెహమాన్ గారి కేఎమ్ కన్జర్వేటరీ 2008లో వచ్చాక, పేద పిల్లలకి ఉచితంగా నేర్పించి సన్‌షైన్ ఆర్కెస్ట్రా తయారుచేశారు కదా, అది ఒక్కసారైనా చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక చెన్నై క్యాలెండర్ దగ్గరికి వద్దాం, మీ ప్లాన్‌లో అసలు తేడా ఇక్కడే వచ్చింది. మీరు డిసెంబర్ మూడో వారంలో పెద్ద కాన్సర్ట్ పెట్టుకున్నారు. మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, ఈ ఊళ్లో కర్ణాటక కచేరీల సీజన్, హాల్ దొరకడమే కష్టం, దొరికినా సంగీతం వినేవాళ్లందరూ సభల్లో కచేరీలకి, క్యాంటీన్లకి వెళ్లిపోయి ఉంటారు, క్రిస్టియన్ శ్రోతలకేమో క్యారల్ సర్వీసులు. అక్టోబర్ మధ్య నుంచి ఈశాన్య రుతుపవనాలు, ఓఎమ్మార్ మీద నీళ్లు నిలిచాయంటే సగం మంది రిహార్సల్‌కి రాలేరు. ఫిబ్రవరి, మార్చి బోర్డు పరీక్షలు. ఏప్రిల్, మే నెలల్లో ఎండకి భయపడి ఎవరూ బయటికి రారు, సగం ఊరు సొంతూళ్లకి పోతుంది.

ఇవన్నీ తీసేశాక మిగిలేవి రెండు ముక్కలు. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరిదాకా ఒకటి, సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరి రెండో వారం దాకా ఇంకొకటి. మొదటి ముక్కలో ఒక కాన్సర్ట్, రెండో ముక్కలో ఒక కాన్సర్ట్, మొదటి ఏడాదికి అంతే చాలు. నాలుగు వద్దు. మధ్యలో అక్టోబర్, నవంబర్ స్కూళ్లకి, డిసెంబర్ చర్చిలకి. చర్చిల సంగతి ఎందుకన్నానంటే, ఈ ఊళ్లో కోయర్ సంప్రదాయం మామూలుది కాదు, మద్రాస్ మ్యూజికల్ అసోసియేషన్ కోయర్ 1893 నుంచి ఉంది. డిసెంబర్‌లో చిన్నాపెద్దా కోయర్లన్నీ హాండెల్ రాసిన మెస్సయ్య అనే పెద్ద భక్తి రచన నుంచి ఏదో ఒకటి పాడతాయి, చాలాచోట్ల కీబోర్డే దిక్కు. దాని స్కోర్‌లో బరువంతా స్ట్రింగ్స్ మీదే ఉంటుంది కాబట్టి మీ వయొలిన్లు, చెల్లోలు వెళ్లి కూర్చుంటే వాళ్లకి ఆనందం, మీ వాళ్లకి కండక్టర్‌ని చూస్తూ పాడేవాళ్ల ఊపిరితో కలిసి వాయించడం అలవాటవుతుంది. ఆ చర్చిల్లోంచే మీకు ట్రంపెట్, హార్న్ వాయించే పెద్దవాళ్లు కూడా దొరుకుతారు. పోలీస్ బ్యాండ్లలో, ఆర్మీ బ్యాండ్లలో రిటైరైన బ్రాస్ ప్లేయర్లు, క్లారినెట్ వాళ్లు చాలామంది చర్చి ఆర్కెస్ట్రాల్లోనే వాయిస్తుంటారు, మర్యాదగా ఇంటికెళ్లి పిలిస్తే వస్తారు, వాళ్ల సైట్ రీడింగ్ (కాగితం చూడగానే వాయించడం) మీ కుర్రాళ్లకంటే గట్టిగా ఉంటుంది.

ప్రోగ్రాం. మీ 14 వయొలిన్లలో ఇద్దరిని, వీలైతే ముగ్గురిని, వయోలాకి మార్చండి. వయొలిన్ కంటే ఒక పంచమం కింద శ్రుతి, ఆల్టో క్లెఫ్ (వయోలా స్వరాలు రాసే పద్ధతి) అలవాటు కావడానికి రెండు మూడు నెలలు చిరాకుగా ఉంటుంది, ఆ తర్వాత చాలామంది తిరిగి వెళ్లరు, ఎందుకంటే హార్మనీ మధ్యలో కూర్చున్నప్పుడు వినిపించేది వేరే లోకం. ఎవరినీ బలవంతపెట్టకండి, కానీ "వయోలాకి పంపేశారు" అనే మాట గ్రూపులో ఎవరి నోటా రానివ్వకండి. డబుల్ బాస్‌కి మాత్రం స్టూడియో సర్కిల్లో అడిగి కాల్‌షీట్ ఇచ్చి ఒకరిని పెట్టుకోండి, ఆ ఒక్క ఖర్చు తప్పదు, బాస్ లేని స్ట్రింగ్స్‌కి కింద నేల ఉండదు.

మొదటి కాన్సర్ట్ దాదాపు అంతా స్ట్రింగ్స్‌తో చేయండి. మోజార్ట్ 1787లో రాసిన జి మేజర్ సెరినేడ్ ఉంది, అందరికీ తెలిసిందే అని తేలిగ్గా తీసుకోకండి, శుభ్రంగా వాయించడం చాలా కష్టం, దాని పక్కన హోల్‌స్ట్ స్కూల్ పిల్లల కోసం రాసిన సెయింట్ పాల్స్ సూట్. ఫ్లూట్ వాళ్లని ఊరికే కూర్చోబెట్టొద్దు, బాక్ బి మైనర్ సూట్‌లో ఒక ఫ్లూట్ సోలో ఉంది, మీలో గట్టి ఫ్లూట్ ఎవరో వాళ్లకివ్వండి. రెండో కాన్సర్ట్‌కి మోజార్ట్ 29వ సింఫనీ, దానికి స్ట్రింగ్స్ కాక రెండు ఓబోలు, రెండు హార్న్‌లు, అంతే. ఓబో దొరక్కపోతే ఆ లైన్లు మీ ఫ్లూట్లకి ఇవ్వొచ్చు, మాలాంటి ఆర్కెస్ట్రాలన్నీ అలా చేసేవే. బీతోవెన్ కావాలంటే రెండో ఏడాది మొదటి సింఫనీ పెట్టుకోండి, అందులో ట్రాంబోన్లు లేవు.

స్కోర్లు, పార్ట్‌లు (ఒక్కో వాయిద్యం కాగితాలు) ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. మన చట్టంలో రాసినవాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది, కాబట్టి మోజార్ట్, హోల్‌స్ట్‌లకి ఏ ఇబ్బందీ లేదు, షోస్టకోవిచ్ 1975లో పోయాడు కాబట్టి ఆయనకి ఇంకా ఉంది. చివర్లో ఒక సినిమా పాట వేద్దామని మీవాళ్లు తప్పకుండా అంటారు. వేయండి, కానీ ఐపీఆర్‌ఎస్ (పాటల హక్కులు చూసే సంస్థ) లైసెన్స్ సంగతి, ఆర్కెస్ట్రాకి అరేంజ్ చేయడానికి అనుమతి సంగతి ముందే చూసుకోండి.

ఇప్పుడు స్కూళ్లు. నాకు చెప్పాలని ఉన్నదంతా ఇక్కడే ఉంది.

పదిహేను మంది వెళ్లక్కర్లేదు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, ఒక ఫ్లూట్, మాట్లాడటం వచ్చిన ఒక మనిషి. 40 నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువొద్దు. స్టేజీ మీద కాదు, పిల్లలు కింద కూర్చుంటే మీరు వాళ్ల ముందు రెండడుగుల దూరంలో కూర్చోండి. మొదటి మాట మాట్లాడకముందే వాయించండి. మా వాళ్లు ఎప్పుడూ ట్వింకిల్ ట్వింకిల్ ట్యూన్‌తో మొదలుపెట్టేవాళ్లు, పిల్లలందరూ పాడేస్తారు, అది అయ్యాక అదే ట్యూన్‌లో ముత్తుస్వామి దీక్షితర్ "శ్యామలే మీనాక్షి" అని సంస్కృతంలో సాహిత్యం కట్టారని చెప్పి పాడించాలి. కుంపిణీ కాలంలో బ్యాండ్ వాళ్లు వాయించే పాశ్చాత్య ట్యూన్లు విని దీక్షితర్ కట్టిన నోట్టుస్వరాల్లో అది ఒకటి, శంకరాభరణం. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు క్లాసులో ఇద్దరైనా ఉంటారు, వాళ్లకి అది ముందే వచ్చు, అంతవరకు వెనకాల కూర్చున్న ఆ పిల్ల లేచి ముందుకొచ్చి పాడుతుంది. అదే ట్యూన్ మీద మోజార్ట్ పియానోకి వేరియేషన్లు రాశాడు, అందులో రెండు మూడు మీ క్వార్టెట్‌కి రాసుకుని వాయించండి. ఒకే ట్యూన్‌ని ఒకాయన వియన్నాలో, ఒకాయన ఇక్కడ మన దక్షిణాదిలో పట్టుకుని ఏం చేశారో పిల్లలకి విడమర్చి చెప్పక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది.

తర్వాత హైడన్ 94వ సింఫనీ రెండో మూవ్‌మెంట్ మొదటి పేజీ. మెల్లగా, ఇంకా మెల్లగా వాయిస్తూ వచ్చి ఒక్కసారిగా ఢామ్మని కార్డ్ కొడతాడు కదా, ఆ చోట పిల్లలు ఎగిరిపడతారు, మళ్లీ వాయించమంటారు, రెండోసారి అది ఎప్పుడొస్తుందా అని ఊపిరి బిగబట్టి వింటారు. శ్రద్ధగా వినండి అని టీచర్లు ఎన్నిసార్లు చెప్పినా రాని ఏకాగ్రత అది, అరవై మంది పిల్లలున్న గదిలో ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది.

ఆ తర్వాత ముట్టుకోనివ్వండి. నోటితో ఊదే వాయిద్యాలు వద్దు, ఒకరి తర్వాత ఒకరు పెట్టుకుంటే జబ్బులు, స్ట్రింగ్స్ చాలు. చెల్లో వాళ్లు తమ చెల్లో కింది తీగని, ఆ మంద్రం సి ని, పొడుగాటి బౌతో వాయిస్తుంటే ఒక్కొక్క పిల్లని వెనకవైపు చెక్క మీద అరచెయ్యి ఆనించమనండి. ఆ చెయ్యి పెట్టగానే మొహంలో వచ్చే మార్పు చూడటానికైనా మీలో "తర్వాత చూద్దాం" అన్నవాళ్లని ఒకసారి తీసుకెళ్లండి. చెవులు సరిగా వినిపించని పిల్లలున్న స్కూల్‌కి కూడా ఈ ఒక్క పని కోసం వెళ్లొచ్చు. పావు సైజు, అర సైజు వయొలిన్లు రెండు టీచర్ల దగ్గర అడిగి తీసుకెళ్లండి, పెద్ద వయొలిన్ చిన్న పిల్లల చేతికి ఇస్తే వాళ్లకి రాదనే అనుకుంటారు. కార్పొరేషన్ స్కూళ్లకి ముందు వెళ్లండి. ఉత్తర చెన్నైలో తెలుగు మీడియం ఉన్నవి కూడా ఇంకా కొన్ని ఉన్నాయి, అక్కడ మన భాషలోనే మాట్లాడొచ్చు.

వెళ్లిన ప్రతి స్కూల్‌కీ మీ ఓపెన్ రిహార్సల్ తేదీ చెప్పి రండి, అమ్మానాన్నలతో రమ్మనండి, టికెట్ వద్దు. హాల్‌కి ఎప్పుడూ రాని మనిషికి కాన్సర్ట్ అంటే బెరుకు, రిహార్సల్ అంటే ఉండదు. కండక్టర్ ఆపి "సెకండ్ వయొలిన్స్, మళ్లీ ఒకసారి" అనడం, అదే నాలుగు బార్లు మూడోసారికి బాగుపడటం కళ్లముందు చూసినవాళ్లు కాన్సర్ట్‌కి వాళ్లంతట వాళ్లే వస్తారు. ఇక్కడి శ్రోతలు వినడం తెలియనివాళ్లు కాదు, తనియావర్తనానికి (కచేరీలో మృదంగం వాళ్ల సోలోకి) తాళం వేస్తూ కూర్చునే ఊరు ఇది. ఇళయరాజా గారి సింఫనీ 2025 మార్చి 8న లండన్‌లో మొదటిసారి వాయించాక ఆటో డ్రైవర్లు కూడా సింఫనీ అంటే ఏంటి సార్ అని అడిగారు. వినాలని ఉన్నవాళ్లు ఉన్నారు, వాళ్ల పేటలోకి మనం వెళ్లాలి, అంతే. మూవ్‌మెంట్ల మధ్య చప్పట్లు కొడితే కొట్టనివ్వండి, వెనక్కి తిరిగి చూసి ఎవరినీ చిన్నబుచ్చకండి.

హాల్ రోజు గురించి కొన్ని చెప్తాను, ఇవి ఎక్కడా రాసి ఉండవు. షామియానా వాళ్లిచ్చే ప్లాస్టిక్ కుర్చీలకి చేతులుంటాయి, వయొలిన్ వాళ్ల కుడి మోచెయ్యి, చెల్లో వాళ్ల బౌ తగులుతాయి, చేతుల్లేని కుర్చీలే కావాలని ముందే రాసివ్వండి. గ్రానైట్ నేల మీద చెల్లో ఎండ్‌పిన్ (కింద ఆనించే ఇనుప కడ్డీ) జారిపోతుంది, ముక్కలు కోసిన కార్పెట్ గానీ కుర్చీ కాలికి తగిలించే పట్టీ గానీ ఉండాలి. ఫ్యాన్లుంటే ప్రతి స్టాండ్‌కీ నాలుగు బట్టల క్లిప్పులు. ఏసీ హాల్ అయితే కాన్సర్ట్‌కి రెండు గంటల ముందే ఏసీ వేయించి, వాయిద్యాలు పెట్టెలు తెరిచి లోపలే ఉంచండి, ఎందుకంటే చల్లబడేకొద్దీ తీగలు బిగిసి స్ట్రింగ్స్ శ్రుతి పైకి పోతుంది, ఫ్లూట్లు, క్లారినెట్లదేమో కిందికి దిగుతుంది, బయట 34 డిగ్రీల్లోంచి వచ్చి వెంటనే ట్యూన్ చేస్తే రెండో మూవ్‌మెంట్‌కల్లా రెండు ముఠాలైపోతాయి. బోయింగ్స్, అంటే బౌ ఎక్కడ పైకి, ఎక్కడ కిందికి అన్న గుర్తులు, కాన్సర్ట్‌మాస్టర్ (మొదటి వయొలిన్ల లీడరు) పార్ట్‌లో పెన్సిల్‌తో మార్క్ చేసి, మొదటి రిహార్సల్‌కి ముందే అన్ని డెస్కులకీ (ఇద్దరికో స్టాండ్) ఎక్కించేయాలి. రిహార్సల్‌లో బౌ పైకా కిందికా అని వాదించుకుంటే ఒక ఆదివారం పోతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా. మొదటి ఏడాది టికెట్ వద్దు, తలుపు దగ్గర హుండీ పెట్టండి. ట్రస్టుగా గానీ తమిళనాడు సొసైటీల చట్టం కింద గానీ రిజిస్టర్ చేసుకుని, పాత ఆదాయపు పన్ను చట్టంలో 12ఏ, 80జీ అనే రిజిస్ట్రేషన్లు (మీకూ, విరాళాలిచ్చేవాళ్లకీ పన్ను మినహాయింపు కోసం) తెచ్చుకోండి, ఆ తర్వాత సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) డబ్బు తీసుకోవడానికి సీఎస్‌ఆర్-1 ఫారం. మీవాళ్లందరూ ఐటీ కంపెనీల్లోనే ఉన్నారు కదా, కళలు, విద్య రెండూ సీఎస్‌ఆర్ జాబితాలో ఉన్నాయి. కంపెనీ వాళ్లు అడిగేది కాన్సర్ట్ ఎంత బాగా వచ్చిందని కాదు, ఎంతమంది పిల్లలకి ఏం అందిందని. స్కూళ్ల పని ముందు ఉంటే ఆ ప్రశ్నకి సమాధానం మీ దగ్గర ఉంటుంది, లేకపోతే ఉండదు.

ఈ ఆదివారం కలిసినప్పుడు వయోలాకి ఎవరు మారతారో అడగండి, జూన్ నుంచి ప్రతి ఆదివారం ఎవరు రాగలరో, ఎవరు నెలకి రెండుసార్లే రాగలరో నిజం చెప్పమని రాయించుకోండి, ఆ లిస్టు ఇక్కడ పెట్టండి. మోజార్ట్ సెరినేడ్, హోల్‌స్ట్ రెండింటికీ బోయింగ్స్ మార్క్ చేసిన పార్ట్‌లు నా దగ్గర ఉన్నాయి, ఎన్ని డెస్కులో తెలిస్తే స్కాన్ చేసి పంపిస్తాను.